రాస్ప్‌బెర్రీ పై మీద సొంత బోర్డు మొరాయిస్తే ముందు మీటరు పట్టాలా, లాగ్ చూడాలా?

ఆటోనగర్_బోర్డులు:
మాది విజయవాడ ఆటోనగర్‌లో చిన్న షెడ్డు. గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీలకు టెంపరేచర్ చూసి ఫ్యాన్లు, పంపులు ఆన్ ఆఫ్ చేసే పెట్టెలు తయారు చేస్తాం. లోపల రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ (మేం పై అంటాం), దాని మీద మేమే డిజైన్ చేయించిన బోర్డు. టైమ్ కోసం డీఎస్3231, రిలేల కోసం 16 పిన్నుల ఎంసీపీ23017, దాని వెనక రిలేలకు కరెంటు తోసే యూఎల్ఎన్2803. మొదటి రెండు చిప్పులూ పైతో ఐ2సీ అనే రెండు తీగల లైను మీదే మాట్లాడతాయి.

ఒక స్టోరేజీలో మాత్రం ఉన్నట్టుండి రిలేలన్నీ ఒకేసారి పడిపోతున్నాయి. ప్రోగ్రామ్ నడుస్తూనే ఉంటుంది, స్క్రీన్ మీద అన్నీ ఆన్ అనే చూపిస్తుంది. పైని రీస్టార్ట్ చేస్తే మళ్ళీ మామూలే. అదే పెట్టెను షెడ్డుకి తెచ్చి టేబుల్ మీద పెడితే ఎన్నాళ్ళయినా ముచ్చటగా నడుస్తుంది.

మా దగ్గర ఇద్దరు కుర్రాళ్ళున్నారు. ఒకడు బోర్డు విప్పి మీటరు పెట్టి సాల్డరింగ్ చూద్దామంటాడు. రెండోవాడు లాగ్, అంటే పై రాసుకునే రికార్డు, చూడకుండా స్క్రూడ్రైవర్ ముట్టుకోవద్దంటాడు. వీళ్ళ పంచాయితీ తేలేలోపు స్టోరేజీ వాళ్ళ ఫోన్లు ఎత్తలేక చస్తున్నా. ఇకనుంచి సైట్‌లో ముందు ఏది చేయాలో ఒక రూల్ పెట్టేద్దామని ఉంది. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

బ్రాడీపేట_మీటర్:
ముందు మీటరే. ఇందులో చర్చ ఏముందండీ? కరెంటు సరిగ్గా అందని బోర్డు మీద సాఫ్ట్‌వేర్ వెతకడం దండగ.

పై మీది పిన్నుల వరసలో (హెడర్) 2వ పిన్నుకీ 6వ పిన్నుకీ మధ్య 5 ఓల్టులు ఉన్నాయా? 1వ పిన్ను మీద 3.3 ఉందా? ఐ2సీ లైన్లు ఖాళీగా ఉన్నప్పుడు వాటి 3, 5 పిన్నులు 3.3 దగ్గర నిలబడుతున్నాయా? ఆ రెండు లైన్లకు పై మీదే 1.8 కిలో ఓమ్‌ల పుల్‌అప్‌లు, అంటే లైనుని 3.3 వైపు లాగి ఉంచే రెసిస్టర్లు, ఉంటాయి. అయినా వోల్టేజ్ కిందకి దిగిందంటే ఏదో చిప్పు లైనుని పట్టుకుని వదలట్లేదన్నమాట. ఇంకోటి, పై పిన్నులు 5 ఓల్టులు తట్టుకోవు. మీ డిజైనర్ ఐ2సీ లైన్లకు 5 ఓల్టుల వైపు పుల్‌అప్ పెట్టాడేమో చూసుకోండి. అలాంటిది ఏ లాగ్‌లోనూ రాదు, పిన్ను పోయాకే తెలుస్తుంది.

కృష్ణలంక_లినక్స్:
మీటరు సగటు చూపిస్తుంది గురువు గారూ. కంప్రెసర్ మోటారు లేచినప్పుడు 5 ఓల్టుల లైను ఒక్క క్షణం కుంగితే మీ మీటరు ఇంచుమించు 5 అనే చూపిస్తుంది. పై మాత్రం దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. వీసీజెన్‌సీఎండీ గెట్ థ్రాటిల్డ్ కమాండ్ కొట్టండి. సున్నా వస్తే బూట్ అయిన దగ్గర్నుంచి పవర్ కుంగినట్టు రాస్ప్‌బెర్రీకి కనపడలేదని అర్థం. హెక్స్‌లో 50000 వస్తే ఇప్పుడు బాగానే ఉంది, మధ్యలో ఎప్పుడో 4.63 ఓల్టుల గీత దిగింది. కెర్నెల్ సందేశాలు చూపే డీమెసెజ్‌లో కూడా అండర్‌వోల్టేజ్ అని పడుతుంది. ఇదంతా ఇంట్లో కూర్చుని దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్‌లో చూసుకోవచ్చు, ఎండలో పెదకాకాని దాకా బండేసుకుని పోనక్కర్లేదు.

ఇంకో సంగతి. 2023లో పై ఓఎస్‌కి బుక్‌వార్మ్ వెర్షన్ వచ్చాక బూట్ కాన్ఫిగ్ ఫైలు ఫర్మ్‌వేర్ అనే సబ్‌ఫోల్డర్‌లోకి మారింది. పాత చోట ఒక ఫైలు ఉంటుంది, తెరిస్తే దీన్ని ఎడిట్ చేయొద్దు, అసలుది ఫలానా చోట ఉంది అని రాసి ఉంటుంది. అది చదవకుండా అందులోనే చిప్పుకి డ్రైవర్ తగిలించే ఓవర్‌లే లైను రాసి, బోర్డు కాలిపోయిందని తీర్మానం చేసేవాళ్ళు బోలెడంతమంది. వాళ్ళు చిప్పు పీకి కొత్తది అతికించినా ఫలితం అదే. అందుకే లాగ్ ముందు.

పాత_కాపు:
కోల్డ్ స్టోరేజీకి పై ఏంటి బాబూ, శుభ్రంగా ఫ్యాక్టరీల్లో వాడే కంట్రోలర్, పీఎల్‌సీ, పెట్టుకోక.

ఆటోనగర్_బోర్డులు:
పీఎల్‌సీ రేటు చెప్పాక ఓనర్లు టీ కూడా ఇవ్వట్లేదండీ.

రీడింగులు ఇవి. గెట్ థ్రాటిల్డ్ సున్నా. రిలేలన్నీ ఆన్‌లో ఉన్నప్పుడు హెడర్ దగ్గర 4.98. ఐ2సీ మీద ఏ చిప్పులున్నాయో చూపే ఐ2సీడిటెక్ట్ కొడితే 20 దగ్గర రిలేల చిప్పు పలుకుతోంది, టైమ్ చిప్పు అడ్రస్ 68 దగ్గర యూయూ అని వస్తోంది. ఆ యూయూ చూసి మీటరు కుర్రాడు టైమ్ చిప్పు పోయిందని గోల. లాగ్‌లో ఏమీ లేదు కాబట్టి సాఫ్ట్‌వేర్ బ్రహ్మాండంగా ఉందని రెండోవాడు.

ల్యాబ్_మాస్టారు:
యూయూ అంటే పోయినట్టు కాదు. ఆ అడ్రస్‌ను కెర్నెల్ డ్రైవర్ ఇప్పటికే తీసుకుందని అర్థం. టైమ్ చిప్పుకి (ఆర్‌టీసీ) ఓవర్‌లే పెట్టుకున్నారు కదా, అక్కడ రావలసింది అదే. మా ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో ఏటా ఒక బ్యాచ్ ఈ రెండక్షరాలు చూసి పాపం మంచి చిప్పుల్ని పీకేస్తుంది.

మీ ఇద్దరు కుర్రాళ్ళూ తమకు అలవాటైన పనిముట్టు పట్టుకుని వాదిస్తున్నారు. నా లెక్క వేరు. ఏ ఒక్క రీడింగ్ తీస్తే సగం అనుమానాలు తీరిపోతాయో అది ముందు తీయాలి, అది మీటరుతో వస్తుందా కమాండ్‌తో వస్తుందా అన్నది తర్వాత. మీ కేసులో అలాంటిది ఒకటుంది.

ఎంసీపీ23017 పవర్ వచ్చినప్పుడు గానీ రీసెట్ అయినప్పుడు గానీ తన 16 పిన్నులనూ ఇన్‌పుట్లుగా పెట్టుకుంటుంది. దిశ చెప్పే రిజిస్టర్లు (చిప్పు లోపలి విలువల గళ్ళు) 00, 01. రీసెట్ తర్వాత రెండిట్లోనూ ఎఫ్ఎఫ్, అంటే అన్నీ ఇన్‌పుట్లే అని, ఉంటుంది. మీ ప్రోగ్రామ్ మొదట్లో వాటిలో సున్నా రాసి పిన్నుల్ని అవుట్‌పుట్లు చేస్తుంది, తర్వాత వాటి మొహం చూడదు. మధ్యలో చిప్పు రీసెట్ అయిందనుకోండి. అడ్రస్ 20 దగ్గర ఎప్పటిలాగే పలుకుతుంది. మీరు రాసే ఆన్, ఆఫ్ విలువలూ తీసుకుంటుంది, ఎర్రర్ రాదు. పిన్నులు ఇన్‌పుట్లయిపోయాయి కాబట్టి రిలే మాత్రం లేవదు. స్క్రీన్ మీద ఆన్, ఫ్యాన్ ఆఫ్. పైని రీస్టార్ట్ చేస్తే ప్రోగ్రామ్ మళ్ళీ మొదటి నుంచి సున్నాలు రాస్తుంది కాబట్టి బాగైపోతుంది. మీరు చెప్పిన లక్షణాలన్నీ దీనికి సరిపోతున్నాయి.

కాబట్టి ఈసారి రిలేలు పడ్డప్పుడు రీస్టార్ట్ చేయనివ్వకండి. ఐ2సీగెట్ కమాండ్‌తో 00, 01, ఆన్ ఆఫ్ విలువలుండే 14, 15 రిజిస్టర్లు చదవండి. 00లో ఎఫ్ఎఫ్ వస్తే చిప్పు రీసెట్ అయింది, కారణం బోర్డు మీద గానీ పవర్‌లో గానీ ఉంది. 00లో సున్నాలే ఉండి 14లోనూ సున్నాలుంటే మీ ప్రోగ్రామే ఎక్కడో ఆఫ్ రాస్తోంది. రెండూ సరిగ్గా ఉండి కూడా రిలే పడితే చిప్పు దాటాక చూడాలి: యూఎల్ఎన్, రిలే సప్లై, కనెక్టర్.

ఎంసీపీ23017 18వ పిన్ను ఎక్కడికి కట్టారో కూడా చెప్పండి. అది రీసెట్. దానికి చిప్పు లోపల పుల్‌అప్ ఉండదు.

బ్రాడీపేట_మీటర్:
మాస్టారు చెప్పింది బాగుంది, కానీ అది పై బతికుంటేనే కదా. కొత్త బోర్డు మొదటిసారి పవర్ ఇచ్చే ముందు పరిస్థితేంటి? 5కీ గ్రౌండ్‌కీ మధ్య షార్ట్ ఉందా, 3.3 లైనులోకి 5 కారుతోందా, ఇవి చూడకుండా రాస్ప్‌బెర్రీకి తగిలించి లాగ్ చదువుదామంటే చదవడానికి పై మిగలాలిగా. షెడ్డు దాటని బోర్డుకి మీటరే రూల్. ఈ మాట మీద నేను తగ్గను.

కృష్ణలంక_లినక్స్:
కొత్త బోర్డుకి మీటరు ముందని ఎవరు కాదన్నారు? ఆయన అడిగింది సైట్‌లో నడుస్తున్న పెట్టె గురించి. అక్కడ మూత తీస్తే మిర్చి దుమ్ము లోపలికి పోతుంది. చల్లటి గది పక్కన పెట్టె తెరిస్తే చెమ్మ పట్టి కొత్త రోగం పుడుతుంది. కనెక్టర్ కదిపితే లూజు కాంటాక్ట్ తాత్కాలికంగా సరైపోతుంది, సాక్ష్యం గల్లంతు. మీటరు పెట్టడమంటే ఊరికే చూడటం కాదు, ముట్టుకోవడం.

ఆటోనగర్_బోర్డులు:
నిన్న మధ్యాహ్నం మళ్ళీ పడ్డాయి. అక్కడి ఎలక్ట్రీషియన్‌ని బతిమాలి రీస్టార్ట్ ఆపించి, ఇక్కడి నుంచే చదివాం. 00లో, 01లో ఎఫ్ఎఫ్. 14లో మాత్రం ప్రోగ్రామ్ రాసిన విలువ అలాగే ఉంది, అది నిమిషానికోసారి రాస్తూనే ఉంటుంది కాబట్టి. ఎర్రర్ ఒక్కటీ లేదు.

18వ పిన్ను 10 కిలో ఓమ్‌లతో 3.3కి కట్టి ఉంది. కెపాసిటర్ లేదు. లేఅవుట్ తీసి చూస్తే ఆ ట్రేస్ రిలే టెర్మినళ్ళ పక్క నుంచే పోతోంది. రిలేల కింద 230 ఓల్టుల కాంటాక్టర్ (మోటార్లను ఆన్ ఆఫ్ చేసే పెద్ద స్విచ్) కాయిల్స్ ఉన్నాయి. టేబుల్ మీద మేము టెస్ట్ చేసేది బల్బులతో.

కృష్ణలంక_లినక్స్:
చూశారా, మూత తీయకుండానే దొరికింది. ఇప్పుడు ప్రోగ్రామ్‌లో నాలుగు లైన్లు కలపండి. నిమిషానికోసారి 00, 01 చదివి, ఎఫ్ఎఫ్ కనపడితే సున్నాలు తిరిగి రాసి, టైమ్ లాగ్‌లో వేయండి. ఫోన్లు ఇవాళ్టితో బంద్.

బ్రాడీపేట_మీటర్:
ఫోన్లు బందవుతాయి, రోగం దాక్కుంటుంది. ఫ్యాన్లు పడుతూ లేస్తూ ఉంటాయి, కాంటాక్టర్లు టకటకలాడి అరిగిపోతాయి, లాగ్ ఎవడూ తెరవడు. ఆ నాలుగు లైన్లు పెట్టిన రోజే బోర్డు రిపేరు అటకెక్కుతుంది. నేనైతే ముందు బోర్డు బాగుచేసి ఆ తర్వాతే కోడ్ జోలికి పోతా.

ల్యాబ్_మాస్టారు:
ఇక్కడ బ్రాడీపేట వారితో నేను ఏకీభవించను. సీజన్ మధ్యలో సరుకు లోపల ఉండగా బోర్డు మార్చడానికి ఆగలేరు, కోడ్ ఈ రాత్రికే వెళ్ళాలి. అయితే సున్నాలు రాసే ముందు రిలేల విలువ ఒకసారి సరిచూసి రాయమనండి, అక్కడ ఎవరైనా చేత్తో ఆఫ్ చేసి మెషీన్ దగ్గర పని చేస్తుంటే ప్రమాదం. ఆ లాగ్‌లో పడే టైమ్‌లు కాంటాక్టర్ ఆఫ్ అయ్యే టైమ్‌లతో కలుస్తున్నాయా చూడండి. కలిస్తే దోషి ఎవరో తేలిపోయినట్టే.

బోర్డు మీద 18వ పిన్ను పక్కనే గ్రౌండ్‌కి 100 నానోఫారడ్ కెపాసిటర్ అతికించండి. వచ్చే లాట్‌లో ఆ ట్రేస్ దారి మార్చండి. అసలు గోల పుట్టేది కాంటాక్టర్ కాయిల్ దగ్గర కాబట్టి ప్రతి కాయిల్‌కీ అడ్డంగా ఆ గోలను మింగే స్నబ్బర్ పెట్టాలి, 100 ఓమ్‌ల రెసిస్టర్, దానికి సిరీస్‌లో 0.1 మైక్రోఫారడ్. కెపాసిటర్ మెయిన్స్ మీద పెట్టే ఎక్స్2 రకమే అయి ఉండాలి, మామూలుది మెయిన్స్ మీద పెట్టకూడదు. రిలే కాయిల్‌కి పెట్టినట్టు దీనికి డయోడ్ పెడదామని మీ కుర్రాళ్ళు అంటారేమో, ఏసీ కాయిల్ మీద అలా పెట్టకూడదు. బోర్డు మీది రిలేలకు యూఎల్ఎన్ లోపలే డయోడ్లు ఉన్నాయి, 10వ పిన్ను రిలే సప్లైకి కట్టి ఉందో లేదో చూస్తే చాలు.

టేబుల్ మీద బల్బు తీసేసి పాత కాంటాక్టర్ ఒకటి కట్టండి. కెపాసిటర్ పెట్టకముందు, పెట్టాక, రెండుసార్లూ గంటసేపు ఆన్ ఆఫ్ చేయించి 00 చదవండి.

ఆటోనగర్_బోర్డులు:
కోడ్ పంపించేశాం. పాత కాంటాక్టర్ పక్క షెడ్డులోనే దొరికింది. ఇప్పుడు దాన్ని ఎవరు కట్టాలన్నదాని మీద ఇద్దరూ కొట్టుకుంటున్నారు.