రాత్రిపూట గదిలోకి వచ్చే వాంపైర్ ప్రేమికుడి గురించి 14 ఏళ్ల అమ్మాయితో ఎలా మాట్లాడాలి?

ప్రశ్న – ఒక తల్లి

మా అమ్మాయికి 14 ఏళ్లు. కొన్ని నెలలుగా వాంపైర్ (మనుషుల రక్తం తాగే పిశాచం) ప్రేమకథలు తప్ప మరో పుస్తకం ముట్టుకోవడం లేదు. తనకు అంతగా నచ్చిందేమిటో తెలుసుకుందామని ‘ట్విలైట్’ మొదటి భాగాన్ని నేనూ పూర్తిగా చదివాను. రక్తం గురించి నాకు బెంగ లేదు. నిజానికి ఆ పుస్తకంలో రక్తపాతం చాలా తక్కువ. నన్ను ఇబ్బంది పెట్టిన సంగతి వేరు. అందులో వాంపైర్ అయిన ఎడ్వర్డ్ ఎన్నో రాత్రులు తాను ప్రేమించే బెల్లా గదిలోకి ఆమెకు తెలియకుండా వచ్చి, ఆమె నిద్రపోతుంటే చూస్తూ ఉంటాడు. ఆ సంగతి బయటపడినప్పుడు ఆమెకు రావలసిన కోపం రాకపోగా, లోలోపల పొంగిపోతుంది. మా అమ్మాయిని అడిగితే, “ఆమెకు ఏమీ కాకూడదని కాపలా ఉన్నాడమ్మా, అంత ప్రేమ” అన్నది. పుస్తకం లాక్కునే ఉద్దేశం నాకు లేదు. లాక్కుంటే దుప్పటి చాటున చదువుతుంది. అలాగని చూసీ చూడనట్టు ఊరుకోలేకపోతున్నాను. తన ఇష్టాన్ని చిన్నబుచ్చకుండా ఆ సన్నివేశం గురించి ఎలా మాట్లాడాలో, ఈ కథలు బాగా తెలిసినవారు చెప్పగలరా?

జవాబు – గ్రంథాలయంలో పిల్లల విభాగం చూసుకునే వ్యక్తి

మీరు పట్టుకున్నది చిన్న విషయం కాదండీ. రాత్రివేళ పడకగదిలోకి రావడం వాంపైర్ కథలకు దాదాపు పుట్టుకతోనే వచ్చిన సన్నివేశం. 1872లో షెరిడన్ లె ఫాను రాసిన ‘కార్మిల్లా’లో, లారా గదిలోకి రాత్రిపూట వచ్చేది ఆమెకు ప్రాణస్నేహితురాలైన కార్మిల్లాయే, పగలంతా అంత ప్రేమగా మాట్లాడే మనిషే రాత్రి ఆమె రక్తం పీలుస్తుంది. 1897లో బ్రామ్ స్టోకర్ రాసిన ‘డ్రాక్యులా’లో, నిద్రలో నడిచే అలవాటున్న లూసీయే ఇంగ్లండులో మొదట ఆ వాంపైర్ వాత పడుతుంది. రెండు చోట్లా పాఠకులు వణకాలనే రచయితల ఉద్దేశం. 2005లో ‘ట్విలైట్’ వచ్చేసరికి సన్నివేశం పెద్దగా మారలేదు, పాఠకులు మురిసిపోవాలన్న కోరిక మాత్రం కొత్తగా వచ్చింది.

మీకు పనికివచ్చే ఆధారం ఆ పాత ‘డ్రాక్యులా’ కథలోనే ఉంది. ఇంట్లోవారెవరైనా రమ్మని పిలిస్తే తప్ప డ్రాక్యులా మొదటిసారి ఏ ఇంటి గడపా దాటలేడని ఆ నవలలో వాంపైర్‌ను వేటాడే వాన్ హెల్సింగ్ చెబుతాడు. ‘బఫీ’, ‘ది వాంపైర్ డైరీస్’ వంటి టీవీ సిరీస్‌లు కూడా ఆ నియమాన్ని నిలబెట్టుకున్నాయి, దాని మీదే ఉత్కంఠ కలిగించే ఘట్టాలు ఎన్నో అల్లుకున్నాయి. ‘ట్విలైట్’ రచయిత్రి స్టెఫనీ మేయర్ మాత్రం, సూర్యకాంతికి తన వాంపైర్లు కాలిపోకుండా మార్చుకున్నట్టే, ఈ గడప నియమాన్నీ పక్కన పెట్టారు. (సూర్యకాంతికి వాంపైర్ చచ్చిపోవడం 1922 నాటి ‘నోస్ఫెరాటు’ సినిమాతో స్థిరపడింది, బ్రామ్ స్టోకర్ డ్రాక్యులా పగలు కూడా తిరుగుతాడు. కాబట్టి నియమాలు మార్చడంలో తప్పేమీ లేదు, కానీ ఏది మార్చారన్నది గమనించదగ్గది.) ఇలాంటి కథలు చదివే పిల్లలకు వాంపైర్ల నియమాలన్నీ నోటికి వచ్చి ఉంటాయి. “ఈ కథలోనూ పిలిస్తేనే రావాలన్న నియమం ఉంటే ఎడ్వర్డ్ ఏమని అడిగేవాడు, బెల్లా ఎప్పుడు రమ్మనేది?” అని మీ అమ్మాయిని అడిగి చూడండి. కథ గురించి అడిగితే పిల్లలు మనసు విప్పి మాట్లాడతారు. తమ గురించి అడుగుతున్నారని అనిపిస్తే మూతి ముడుచుకుంటారు.

జవాబు – ఆ వయసులో ఈ కథలన్నీ చదివిన పాఠకురాలు

పై సలహాతో నేను ఏకీభవిస్తాను, కానీ అమ్మాయి వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. రెండో భాగమైన ‘న్యూ మూన్’లో ఎడ్వర్డ్ వదిలి వెళ్లిపోయాక, అక్టోబర్, నవంబర్, డిసెంబర్, జనవరి అని ఒక్కో పేజీలో నెల పేరు తప్ప మరేమీ ఉండదు. ఆ ఖాళీ పేజీలు తిప్పుతూ నేను ఏడ్చాను. టీనేజ్ పిల్ల దుఃఖాన్ని ‘వయసు అలాంటిది, అదే పోతుంది’ అని కొట్టిపారేయకుండా, అది ఎంత పెద్దదో అంత పెద్దదిగానే చూపిన పుస్తకం నాకు అప్పటిదాకా దొరకలేదు. అలాగే, చంపగల బలం ఉండి కూడా తనను తాను అదుపులో పెట్టుకునే ప్రియుడు, కోరిక అంటే ఏమిటో అప్పుడప్పుడే తెలుస్తున్న అమ్మాయికి భయం లేకుండా దాని గురించి ఆలోచించుకునే చోటు ఇస్తాడు. ఎప్పుడంటే అప్పుడు పుస్తకం మూసేయగల అధికారం చదువరి చేతిలోనే ఉంటుంది కదా.

నా దృష్టిలో నిద్రలో చూడటం కన్నా ఆందోళన కలిగించే ఘట్టం మూడో భాగమైన ‘ఎక్లిప్స్’లో ఉంది. బెల్లా తన స్నేహితుడు జేకబ్‌ను కలవడానికి వెళ్లకూడదని, ఎడ్వర్డ్ ఆమె ట్రక్కు ఇంజిన్ నుంచి ఒక భాగం తీసేస్తాడు. వందేళ్లు బతికిన కుర్రాడు బయట ఎక్కడా ఎదురుపడడు. కానీ ‘వాడితో మాట్లాడకు, నీ మంచికే చెబుతున్నాను’ అనే కుర్రాడు తప్పకుండా ఎదురుపడతాడు. మాట్లాడటానికి ఒక్క సన్నివేశమే ఎంచుకోవాలంటే నేను దీన్నే ఎంచుకుంటాను.

జవాబు – టీనేజ్ పిల్లల కోసం నవలలు రాసే వ్యక్తి

2015లో స్టెఫనీ మేయర్ ‘లైఫ్ అండ్ డెత్’ పేరుతో అదే కథను ఆడ, మగ పాత్రలు తారుమారు చేసి మళ్లీ రాశారు. అందులో వాంపైర్ ఈడిత్ అనే అమ్మాయి, నిద్రపోయేది బో అనే అబ్బాయి. రెండు పుస్తకాల్లోనూ అదే ఘట్టాన్ని పక్కపక్కన పెట్టి మీరిద్దరూ చదవండి. ఒకచోట ముద్దుగా తోచినది మరోచోట ఇబ్బందిగా తోచిందా, లేక రెండుచోట్లా ఒకేలా ఉందా అన్నది తానే తేల్చుకుంటుంది.

ఆ తరువాత ఏం చదవాలని అడిగితే, ఆనెట్ కర్టిస్ క్లాజ్ 1990లో రాసిన ‘ది సిల్వర్ కిస్’ ఇవ్వండి. తల్లి క్యాన్సర్‌తో చనిపోబోతున్న అమ్మాయికి, చావు లేని కుర్రాడు పరిచయమవుతాడు. అక్కడ అమరత్వం వరంలా కాకుండా బరువుగా కనిపిస్తుంది, అందువల్ల ప్రేమకూ లోతు వస్తుంది. హోలీ బ్లాక్ 2013లో రాసిన ‘ది కోల్డెస్ట్ గర్ల్ ఇన్ కోల్డ్‌టౌన్’లో గొలుసులతో కట్టేసిన వాంపైర్‌ను విడిపించి తీసుకువెళ్లేది అమ్మాయే. అది కొంచెం రక్తసిక్తంగా ఉంటుంది కాబట్టి ముందు మీరు చదివి చూడండి.

ప్రశ్న అడిగిన తల్లి

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. గడప నియమం గురించి రాత్రి భోజనాల దగ్గర అడిగాను. “అయితే ముందు పగలు వచ్చి తలుపు కొట్టాలి, వాళ్ల నాన్న కూడా చూస్తాడు” అని చెప్పి, కాసేపు ఆలోచించి, “బెల్లా వెంటనే రమ్మనకూడదు, అతను ఎవరో అప్పటికి తనకు తెలియదు కదా” అని తానే అన్నది. ఇప్పుడు ఆ అధ్యాయాన్ని తనకు నచ్చినట్టు తిరగరాస్తోంది. పూర్తయ్యేదాకా నన్ను చూడవద్దన్నది, నేనూ చూడను. ‘ఎక్లిప్స్’ తను ఇంకా మొదలుపెట్టలేదు. ఈలోపు నేను చదివేస్తాను.