సీనియర్ ఫ్రంటెండ్ ఇంటర్వ్యూ: డీఎస్‌ఏనా, జావాస్క్రిప్టా?

నోటీస్_పీరియడ్:
హైదరాబాద్‌లోనే ఒక ప్రొడక్ట్ కంపెనీ నుంచి సీనియర్ ఫ్రంటెండ్ రోల్‌కి కాల్ వచ్చింది, వచ్చే వారం మెషీన్ కోడింగ్ రౌండ్ (ఇచ్చిన టైమ్‌లో చిన్న యాప్ రాసి చూపించడం), అది దాటితే సిస్టమ్ డిజైన్ అంట. ఆరేళ్లుగా రియాక్టే (జావాస్క్రిప్ట్ లైబ్రరీ) చేస్తున్నా గానీ అన్నీ సర్వీస్ ప్రాజెక్టులే, టికెట్ వస్తే చేసివ్వడం అంతే. ఇప్పుడు డీఎస్‌ఏ (డేటా స్ట్రక్చర్స్, అల్గారిథమ్స్) రుబ్బాలా, జావాస్క్రిప్ట్ బేసిక్స్ చూసుకోవాలా? రెండిటికీ టైమ్ లేదు.

డివ్_మధ్యలో:
డీఎస్‌ఏ రౌండ్ ఉందో లేదో హెచ్ఆర్‌ని అడుగు బ్రో, చెప్తారు. నేను ఇంటర్వ్యూలు తీసుకుంటా, మెషీన్ కోడింగ్‌లో ఎక్కువగా సెర్చ్ బాక్సే ఇస్తా. అందరూ డిబౌన్స్ (టైపింగ్ కాసేపు ఆగాకే రిక్వెస్ట్ పంపడం) పెట్టేసి అయిపోయింది అంటారు. నెట్ స్లోగా ఉండి "హై"కి రావాల్సిన రిజల్ట్స్ "హైదరా" రిజల్ట్స్ తర్వాత వచ్చాయనుకో, బాక్స్‌లో హైదరా, కింద లిస్టు మాత్రం "హై"ది! డిబౌన్స్‌తో రిక్వెస్టులు తగ్గుతాయి గానీ జవాబులు ఏ వరసలో వస్తాయో దాని చేతిలో లేదు. రియాక్ట్ యూజ్ ఎఫెక్ట్ క్లీనప్‌లో (సెర్చ్ పదం మారగానే పాత పనిని సర్దేసే చోటు) అబార్ట్ కంట్రోలర్ అనే బ్రౌజర్ టూల్‌తో పాత రిక్వెస్ట్ ఆపెయ్యాలి, అలా ఆపినప్పుడు వచ్చే అబార్ట్ ఎర్రర్‌ని యూజర్‌కి "సమ్‌థింగ్ వెంట్ రాంగ్" అని చూపించకూడదు. ఇది నేను అడక్కముందే ఎత్తినవాళ్లని సీనియర్ అంటా. కీబోర్డ్ బాణాలతో లిస్టులో కిందకి దిగడం, ఎస్కేప్ కొడితే మూసుకోవడం కూడా చెయ్యి, టైమ్ లేకపోతే నోటితో అయినా చెప్పు.

లేజీ_లోడ్:
పైన చెప్పింది కరెక్టే గానీ సిస్టమ్ డిజైన్‌లో చాలామంది దెబ్బతినేది పర్ఫార్మెన్స్ దగ్గర. రెజ్యూమేలో "పేజీ స్పీడ్ పెంచా" అని రాస్తే ఏది కొలిచావ్ అని కచ్చితంగా అడుగుతారు. ఎల్‌సీపీ (పేజీలో అన్నిటికన్నా పెద్ద భాగం కనిపించడానికి పట్టే టైమ్) 2.5 సెకన్లు, ఐఎన్‌పీ (క్లిక్ లాంటివాటికి పేజీ స్పందించే టైమ్) 200 మిల్లీసెకన్లు, సీఎల్‌ఎస్ (పేజీలో భాగాలు ఉన్నట్టుండి ఎంత జరుగుతున్నాయో చెప్పే స్కోరు) 0.1, వీటి లోపు ఉంటే బాగున్నట్టు, అదీ నీ ల్యాప్‌టాప్‌లో కాదు, అసలు యూజర్ల విజిట్లలో 75వ పర్సెంటైల్ దగ్గర, అంటే నూటికి 75 విజిట్లైనా ఈ లోపు ఉండాలి. ఇంకా ఎఫ్‌ఐడీ అని చెప్పకు, 2024 మార్చిలోనే దాని ప్లేస్‌లో ఐఎన్‌పీ వచ్చేసింది. ఎఫ్‌ఐడీ మొదటి క్లిక్‌కి పట్టే డిలే వరకే చూసేది, ఐఎన్‌పీ పేజీలో ఉన్నంతసేపూ క్లిక్కులు, ట్యాపులు, కీలు అన్నీ చూస్తుంది.

నోటీస్_పీరియడ్:
థ్యాంక్స్ అన్నా ఇద్దరికీ. ఈవెంట్ లూప్ (జావాస్క్రిప్ట్‌లో ఏ పని ముందు, ఏది తర్వాత నడవాలో చూసేది) అవుట్‌పుట్ ప్రశ్నలు సీనియర్లకి కూడా అడుగుతారా?

డివ్_మధ్యలో:
అడుగుతారు, నాకైతే నచ్చవు. సెట్ టైమౌట్ సున్నా పెట్టినా ప్రామిస్ దెన్ ముందు నడుస్తుంది, ఎందుకంటే ప్రామిస్ దెన్‌లు ఉండే మైక్రోటాస్క్ క్యూ మొత్తం ఖాళీ అయ్యాకే సెట్ టైమౌట్ లాంటి తర్వాతి టాస్క్‌కి వెళ్తుంది. అది తెలిస్తే చాలు, మిగతా టైమ్ సెర్చ్ బాక్స్ మీద పెట్టు, లైబ్రరీ ఏదీ లేకుండా రాసి చూడు.