మోకాలు అరిగింది, అలిపిరి మొక్కు ఉంది. నాలుగు నెలల్లో ఏం చెయ్యాలి?

భీమవరం శారద: నాకు 58. కుడి మోకాలిలో గుజ్జు అరిగిందన్నారు, ఆపరేషన్ దాకా రాలేదట. మనవడు పుడితే అలిపిరి నుంచి నడిచి వస్తానని మొక్కుకున్నాను. వాకింగ్ ఒక్కటీ సరిపోతుందా? కింద కూర్చోవచ్చా? మందులు వాడాలా?

రిటైర్డ్ పీఈటీ: అమ్మా, 31 ఏళ్ళు గ్రౌండులో గడిపినవాణ్ణి. వాకింగ్ మంచిదే కానీ అదొక్కటే చాలదు. మోకాలిని కాసేది తొడ ముందు కండరం. మంచం మీద కాళ్ళు చాపుకుని, మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి దాన్ని కిందికి నొక్కండి. అయిదు అంకెలు లెక్కపెట్టి వదలండి, అలా పదిసార్లు. తొడ మీద అరచెయ్యి వేస్తే కండరం రాయిలా బిగుసుకోవడం తెలియాలి.

ఓరుగల్లు పోరడు: సార్ చెప్పింది నిజం. మా అమ్మ గట్లనే మొదలువెట్టింది. తర్వాత కిలో కందిపప్పు ప్యాకెట్ పాత చీర ముక్కల చుట్టి, చీలమండకు కట్టుకొని కాలు వంచకుండ లేపుడు. ఆరు కిలోల బరువు గూడ తగ్గింది. కిలో తగ్గితే అడుగడుగుకు మోకాలి మీద నాలుగు కిలోల దాక భారం తగ్గుతదని ఫిజియో చెప్పిండు. ఇప్పుడు బస్సుల కమ్మి పట్టుకోకుండనే ఎక్కుతుంది.

నెల్లూరు రమణి: ముందు కింద కూర్చోవడం మానేయండి. బాసింపట్టు, వజ్రాసనం అసలు వద్దు.

తెనాలి బాబాయి: ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మా నాన్నకి 84. ఈరోజుకీ పీట మీదే భోజనం. కుర్చీలకి అలవాటు పడ్డాకే మనకీ నొప్పులు.

నెల్లూరు రమణి: మీ నాన్నగారి మోకాలూ అరిగిన మోకాలూ ఒకటేనా? వ్రతం రోజు రెండు గంటలు బాసింపట్టు వేసుకుని, లేవలేక అందరి ముందూ పీటల మీదే ఏడ్చాను. ఆ నొప్పి మీకేం తెలుసు?

రిటైర్డ్ పీఈటీ: ఇద్దరూ ఆగండి. నొప్పి ఉన్నన్నాళ్ళూ కింద కూర్చోవద్దు. ఈలోగా లేచే సత్తువ పెంచుకోవాలి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేవండి. కూర్చునేటప్పుడు దభీమని పడకుండా మెల్లగా దిగాలి.

తెనాలి బాబాయి: మీరు డాక్టరు కాదు. పెద్దవాళ్ళకి ఇంత ఖాయంగా చెప్పకండి.

రిటైర్డ్ పీఈటీ: కాను. 52 ఏళ్ళప్పుడు వార్మప్ చెయ్యకుండా వాలీబాల్‌కి ఎగిరి నా మోకాలు నేనే పాడు చేసుకున్నాను. ఆరు నెలలు ఫిజియో దగ్గర నేర్చుకున్నదే చెబుతున్నాను.

సికింద్రాబాద్ వాణి: మోకాళ్ళ సంగతి సరే, పడిపోకుండా చూసుకోండి. మా అత్తగారు తడి బాత్రూంలో జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. అప్పటి నుంచి పప్పు ఉడికేలోగా వంటగట్టు పట్టుకుని ఒక్కో కాలి మీద పది సెకన్లు నిలబడుతున్నాను. అరిగిన రబ్బరు చెప్పులు పారేశాను.

తిరుపతి వాసి: అలిపిరి 3550 మెట్లు. శ్రీవారి మెట్టు 2388, కానీ నిటారుగా ఉంటుంది. అలిపిరి దారిలో మోకాళ్ళ పర్వతం దగ్గరే అందరికీ ఊపిరి ఆడదు. అక్కా, దిగేటప్పుడే మోకాలి మీద భారం ఎక్కువ. మొక్కు ఎక్కడానికే కదా, బస్సులో దిగండి. మెట్టు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు.

నెల్లూరు రమణి: తెనాలి గారూ, నాకింకా జవాబు చెప్పలేదు.

తెనాలి బాబాయి: అమ్మా, మీరు ఏడ్చారంటే బాధేసింది. అరిగినవాళ్ళ గురించి కాదు నేనన్నది. బాగున్న పిల్లలు కూడా కింద కూర్చోలేకపోతున్నారనే నా బాధ.

భీమవరం శారద: ఇప్పుడే తువ్వాలు పెట్టి నొక్కి చూశాను. ఎడమ తొడ బిగుసుకుంది, కుడిది మెత్తగానే ఉంది. మా ఆయన చెయ్యి వేసి చూసి అదే అన్నారు. రేపటి నుంచి పప్పు ప్యాకెట్ కట్టనా?

రిటైర్డ్ పీఈటీ: వద్దమ్మా. కుడి తొడ గట్టిపడేదాకా తువ్వాలే. మోకాలు వాచినా, ఈరోజు చేసినందుకు వచ్చిన నొప్పి రేపు పొద్దుటికీ తగ్గకపోయినా వ్యాయామం సగానికి తగ్గించండి. వాపు దిగకపోతే డాక్టరుకి చూపించండి. పది రోజుల తర్వాత మళ్ళీ చెయ్యి వేసి చూసి ఇక్కడ రాయండి.