పల్నాడు సేద్యం మాటల పదకోశం: యాభై ఏళ్లు నిలవాలంటే పని ఎలా మొదలుపెట్టాలి?

దంతెగుంటక (ప్రశ్న):

వినుకొండ చుట్టుపక్కల మూడు మండలాల్లో సేద్యం పనిముట్లు, బండి వడ్రంగం, రోలు రోకలి, పశువులు, తిట్లు, సామెతలు, వీటి మాటలన్నీ కలిపి ఒక పదకోశం చేద్దామని ఉంది. వారానికి ఆరేడు గంటలకి మించి కుదరదు. నాలుగైదేళ్లు పట్టినా పర్లేదు, కానీ చేసిందంతా ఏ హార్డ్ డిస్కులోనో మూలపడకూడదు. యాభై ఏళ్ల తర్వాత వెతికినవాళ్లకి దొరకాలి, దొరికినప్పుడు నమ్మేట్టుండాలి. ఎక్కడ మొదలుపెట్టాలి? రికార్డింగుకి ఫోను చాలా? ఎక్సెల్‌లో రాసుకోవచ్చా? చివరికి పుస్తకమా, వెబ్‌సైటా?

కాడిమాను:

మీరు రాసిన జాబితాలో ఆరు పుస్తకాలున్నాయండి. వారానికి ఆరు గంటలతో అన్నీ సగం సగం అవుతాయి. ఒక్కటి ఎంచుకోండి. నన్నడిగితే చెక్క చక్రాల బండి. టైరు బండ్లు వచ్చాక కుండ (చక్రం నడిమి దిమ్మ), ఆకులు (కుండ నుంచి అంచుకి వెళ్లే పుల్లలు), పూటీలు (అంచు చెక్కలు), కందెన లాంటి మాటలతో రోజువారీ పని పోయింది; చక్రం కట్టిన వడ్రంగులు పెద్దవాళ్లయిపోయారు. తిట్లూ సామెతలూ ఇంకో పదేళ్లు ఆగినా దొరుకుతాయి.

ఊళ్లోకి వెళ్లే ముందు భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసిన మాండలిక వృత్తి పదకోశం చూడండి. మొదటి సంపుటం వ్యవసాయం, 1962. రెండోది చేనేత, 1971. ఆ వ్యవసాయ సంపుటంలో మీకు పనికొచ్చే ఆరోపాలన్నీ (అర్థంతో సహా ఇచ్చిన మాటలు) ఒక పట్టికలో దించుకోండి. మీరు విన్న మాట పక్కన అప్పటి మాట ఉంటే ఏది నిలిచింది, ఏది మారింది, ఏది పోయింది అన్నది దానంతటదే తేలుతుంది. మీ పుస్తకానికి అసలు విలువ అక్కడే వస్తుంది. కానీ ఆ పట్టిక ఇంట్లోనే వదిలి వెళ్లండి. చేతిలో ఉంటే తెలియకుండానే అందులోని మాట మీ నోట వస్తుంది.

ఎక్కువమంది తప్పేది అడగడంలో. చక్రం ఊడిపోకుండా ఇరుసు చివర పెట్టే సీల చూపించి "దీన్ని కడసీల అంటారు కదా?" అంటే అవతలి పెద్దాయన మర్యాదకి "ఆ, అంటారు" అంటాడు. ఆ మాట ఇక పనికిరాదు. వస్తువు మీద చెయ్యి పెట్టి "ఇదేంటి తాతా?" అని ఊరుకోండి. ఇంకా మంచిది, విప్పమనండి. చక్రం ఊడదీస్తున్నప్పుడు, ఇరుసుకి కందెన రాస్తున్నప్పుడు క్రియాపదాలు వస్తాయి. ఎదురుగా కూర్చుని అడిగితే నామవాచకాలే దొరుకుతాయి. కొత్తగా సేకరించేవాళ్ల పదకోశాలన్నీ వస్తువుల పేర్ల జాబితాలుగా మిగిలిపోయేది అందుకే. ఒక్కో మాటకి ఒక ఊళ్లో కనీసం ముగ్గురిని అడగండి: చేసినవాడు, తోలినవాడు, ఇంట్లో ఆడమనిషి. వడ్రంగి నాలుగు పేర్లు పెట్టినచోట రైతు ఒక్క పేరుతో సరిపెడతాడు. రెండూ రాసుకోవాలి.

ఒక్కో మాటకి రాసే చీటీ మీద ఉండాల్సినవి: మాట, పలికిన తీరు, అర్థం, వాళ్ల నోట వచ్చిన పూర్తి వాక్యం, చెప్పినవారి వృత్తి, వయసు, ఊరు, తేదీ, ఆడియో ఫైలు పేరు, అందులో నిమిషం సెకను, ఫొటో నంబరు. మనిషి పేరు విడి పుస్తకంలో ఉంచి చీటీ మీద సంకేతం వేయండి. ఊరు రాసేటప్పుడు మండలం, పాత జిల్లా, అక్షాంశ రేఖాంశాలు కూడా వేయండి. 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి, గుంటూరు జిల్లా విడిపోయి పల్నాడు వచ్చింది. జిల్లా పేరొక్కటే రాసిన పాత చీటీలతో ఇప్పుడు ఊరు పట్టుకోవడం ఎంత కష్టమో పని చేసేవాళ్లకి తెలుసు.

మైకుతాత:

ఫోను చాలు, కానీ అందులో ముందే ఉన్న రికార్డరు వద్దు. శబ్దాన్ని కుదించకుండా ఉంచే డబ్ల్యూఏవీ ఫార్మాట్‌లో దాచే ఆప్ వేసుకుని 48 కిలోహెర్ట్జ్, మోనో పెట్టండి. ఫోను ఒప్పుకుంటే 24 బిట్. గంటకి దాదాపు 520 ఎంబీ అవుతుంది. 120 గంటలు తీసినా 63 జీబీ దాటదు. స్థలం కోసం ఎంపీ3 చేసుకోవాల్సిన అవసరం ఈ రోజుల్లో లేదు.

చొక్కాకి తగిలించే తీగ మైకు ఒకటి కొనండి. నోటికి జానెడు దూరం, కాస్త పక్కకి. ఆప్‌లో కనిపించే శబ్దం స్థాయి మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడాలి. సున్నాని తాకితే గొంతు పగిలినట్టు వస్తుంది, తర్వాత బాగుచేయలేరు. వేపచెట్టు కింద కూర్చుంటే కాకులు, ఇంట్లో అయితే ఫ్యాను. ఫ్యాను ఆపించండి. గాలికి మైకు మీద స్పాంజి తొడుగు. మొదటి ముప్పై సెకన్లలో తేదీ, ఊరు, చెప్పేవారి సంకేతం, "రికార్డు చేసి అందరికీ వినిపించవచ్చా?" అన్న ప్రశ్న, వాళ్ల జవాబు, ఇవన్నీ మాటల్లోనే పడాలి. కాగితం మీద సంతకం విడిగా తీసుకోండి. ఈ రెండూ లేకపోతే రేపు ఏ భండాగారమూ మీ ఆడియో తీసుకోదు.

ఫైలు వాట్సాప్‌లో ఆడియోగా పంపితే కుదించే ప్రమాదం ఉంది. డాక్యుమెంటుగా పంపితే ఉన్నదున్నట్టు వెళ్తుంది.

లెక్క కూడా ముందే చూసుకోండి. గంట రికార్డింగు విని రాయడానికి అయిదారు గంటలు. అంటే మీ వారం మొత్తం దానికే. కాబట్టి వారానికి గంటకి మించి రికార్డు చేయకండి. రాయకుండా పేరుకుపోయిన ఆడియో తర్వాత ఎవరూ రాయరు, మీతో సహా.

అచ్చుతప్పు:

ఎక్సెల్ సంగతి నేను చెప్తా. రాసుకోవచ్చు, మూడు జాగ్రత్తలతో. ఒకటి, గడులన్నీ ముందే టెక్స్ట్‌గా మార్చండి; లేకపోతే నిమిషం సెకను 03-11 అని కొట్టగానే దాన్ని తేదీ చేసేస్తుంది. రెండు, సీఎస్‌వీగా (ఏ ప్రోగ్రామైనా తెరవగల సాదా పట్టిక ఫైలు) దాచేటప్పుడు యూటీఎఫ్-8 అని ఉన్నదే ఎంచుకోండి. మామూలు సీఎస్‌వీలో తెలుగంతా ప్రశ్నార్థకాలవుతుంది, మూసి మళ్లీ తెరిస్తేగానీ తెలియదు. మూడు, కనపడని అక్షరాలు. పొల్లు విడిగా నిలబెట్టడానికి వాడే జీరో విడ్త్ నాన్ జాయినర్ ఒక చీటీలో ఉండి ఇంకో చీటీలో లేకపోతే కంటికి రెండూ ఒకటే, వెతుకులాటకి మాత్రం రెండు మాటలు. నెలకోసారి మాటల పట్టీని అక్షరక్రమంలో పెట్టి చూస్తే జంటలు బయటపడతాయి.

పలుకుబడి దగ్గర ౘ, ౙ వదలకండి. నాగటి చాలు అన్నప్పుడు పలికేది ౘాలు, గొర్రుకి విత్తనాలు పోసే జడ్డిగం అన్నప్పుడు ౙడ్డిగం. తినే చారు ౘారు, సంస్కృతంలో అందమైనదన్న అర్థమొచ్చే చారు వేరు. యూనికోడ్‌లో ఈ రెండక్షరాలూ 2008 నుంచి ఉన్నాయి, కానీ అన్ని కీబోర్డుల్లో, అన్ని ఫాంట్లలో లేవు. మొదటిరోజే రెండూ కొట్టి చూడండి. డబ్బాలు కనిపిస్తే ఫాంటు మార్చండి. ఇంకోటి, కోడ్ వరుసన పెడితే ఇవి హ దాటాక ఎక్కడో చివర పడతాయి. అందుకని మాట గడిలో చ, జ ఉంచి, పలుకు గడిలో మాత్రమే ౘ, ౙ వేయండి. ఱ, ళ ఎక్కడ పెట్టాలన్నది కూడా ఇప్పుడే తేల్చుకుని ముందుమాటలో రాయండి.

ఒక కొమ్ముకి ఎంత తేడానో చూడండి. కందెన ఇరుసుకి రాసేది. కుందెన రోటి మీద గింజలు చిందకుండా పెట్టేది. ప్రూఫులు చూసేవాడికి రెండూ తప్పులా కనపడవు, ఎందుకంటే రెండూ మాటలే. ఇలాంటివి ఆడియోతో సరిచూస్తే తప్ప దొరకవు.

దంతెగుంటక:

సరే, బండితోనే మొదలుపెడతా. పుస్తకం సంగతి ఎవరూ చెప్పలేదు. పుస్తకం పేజీలు కూర్చే డీటీపీ ఆయన "అను ఫాంట్లో ఇస్తే చాలు" అంటున్నాడు.

అచ్చుతప్పు:

అక్కడే మునుగుతారు. అను ఫాంట్లలో ఉన్నది తెలుగు కాదు, తెలుగులా కనిపించే వేరే సంకేతాలు. ఆ ఫాంటు లేని యంత్రంలో చెత్తగా కనిపిస్తుంది, వెతకడం కుదరదు. మీరు యూనికోడ్‌లో ఇస్తారు, ఆయన అనులోకి మారుస్తాడు, మూడుసార్లు ప్రూఫులు దిద్దుతారు. ఆ దిద్దుబాట్లన్నీ ఆయన పేజ్‌మేకర్ ఫైల్లోనే ఉంటాయి, మీ దగ్గరున్నది తప్పుల ప్రతి. రెండో ముద్రణ వేళకి ఆ ఫైలు ఉండదు. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ ప్రోగ్రాములో యూనికోడ్‌తోనే చేయమనండి. అందులో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు పెట్టకపోతే ఒత్తులు విడిపోతాయి, అది గుర్తుచేయండి. దిద్దుబాటు ఏదైనా ముందు మీ పట్టికలో, తర్వాతే పేజీలో.

కాడిమాను:

వెబ్‌సైటు ఒక్కటే చాలనే వాళ్లతో నేను ఏకీభవించను. ఏటా డబ్బు కట్టే మనిషి లేకపోతే సైటు పోతుంది. రెండు వందల ప్రతులు వేయండి: 80 జీఎస్ఎం మ్యాప్‌లితో రకం కాగితం, జిగురు బైండింగు కాదు, ఫారాలు కుట్టించిన బైండింగు. పదకోశాన్ని బోర్లా తెరిచి పెడతారు. జిగురుదైతే ఏడాదిలో పేజీలు ఊడతాయి. ఫొటోల కన్నా గీత బొమ్మలు మేలు, ఒక్కో భాగానికి అంకె వేసి. ఫొటోలో నల్లటి ఇరుసు, నల్లటి కుండ ఒకటిగా కలిసిపోతాయి.

పుస్తకాన్ని గుర్తించే ఐఎస్‌బీఎన్ నంబరు ఉచితమే, ఢిల్లీలో రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఐఎస్‌బీఎన్ ఏజెన్సీ ఇస్తుంది. గ్రంథాలయాలకి పుస్తకాలు అందజేయాలన్న 1954 చట్టం ప్రకారం పుస్తకం వచ్చిన 30 రోజుల్లో నాలుగు గ్రంథాలయాలకి ఒక్కో ప్రతి మీ ఖర్చుతో పంపాలి: కోల్‌కతా నేషనల్ లైబ్రరీ, చెన్నై కన్నెమెరా, ముంబయి సెంట్రల్ లైబ్రరీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ. సొంతంగా వేసుకునేవాళ్లు చాలామంది ఇది పట్టించుకోరు, కానీ యాభై ఏళ్లు దాచే బాధ్యత వాళ్లదే కాబట్టి మీకు కావాల్సింది ఇదే. జిల్లా గ్రంథాలయానికీ, తెలుగు శాఖలున్న విశ్వవిద్యాలయాలకీ మరో ఇరవై.

మైకుతాత:

ఆడియో వికీమీడియా కామన్స్‌లో (వికీపీడియా వాళ్ల ఉచిత ఫైళ్ల నిలయం), మాటలు విక్షనరీలో (వాళ్లదే నిఘంటువు) పెట్టండి. రెండిట్లోనూ స్వేచ్ఛా లైసెన్సు కింద ఇవ్వాలి, అంటే ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. అనుమతి అడిగేటప్పుడు ఈ "అమ్ముకోవచ్చు" అన్నది దాచకుండా చెప్పండి. సొంత ప్రతులు మూడు, అందులో ఒకటి వేరే ఊళ్లో. ఏటా సంక్రాంతికి మూడూ తెరిచి ఒక్కో దాంట్లో పది ఫైళ్లు వినండి. మెమరీ కార్డు మీద మాత్రం నమ్మకం పెట్టుకోకండి, ఇంటికి రాగానే దించేయండి.