చిలీ కార్మెనేర్: ఏ లోయది ఎంచుకోవాలి, ఏ భోజనంతో తీసుకోవాలి?

ప్రశ్న: ఉద్యోగరీత్యా శాంటియాగో వెళ్తున్నాను. అక్కడి కార్మెనేర్ రెడ్ వైన్‌లో పచ్చి క్యాప్సికం వాసన ఉంటుందని, అది లోపమని కొందరు అంటున్నారు. నిజమేనా? ఏ ప్రాంతపు సీసా కొనాలో, దేనితో తీసుకోవాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1: ఆ వాసన పైరజీన్లు అనే పదార్థాల వల్ల వస్తుంది, ద్రాక్ష పక్వమయ్యేకొద్దీ అది తగ్గుతుంది. 19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని బోర్డో నుంచి చిలీకి వచ్చిన ఈ ద్రాక్ష తీగలను అక్కడివారు చాలాకాలం మెర్లో అనే మరో ద్రాక్ష రకంగానే భావించి, దానికంటే కొన్ని వారాలు ఆలస్యంగా పండే ఈ రకాన్ని కూడా దానితోపాటే కోసేయడం వల్ల వైన్‌లో పచ్చిదనం మిగిలిపోయేది. 1994లో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్ మిషెల్ బూర్సికో దీనిని కార్మెనేర్‌గా గుర్తించారు. ఆ వాసన లీలగా ఉంటే అది ద్రాక్ష స్వభావమే. మిగతా రుచులను కప్పేస్తేనే లోపమని నా అభిప్రాయం.

జవాబు 2: కచాపోఆల్ లోయలోని పెయూమో ప్రాంతపు సీసా దొరికితే సందేహించకండి. అక్కడి బంకమన్ను తేమను నిలుపుకోవడం ఆలస్యంగా పండే ఈ రకానికి అనుకూలిస్తుంది. కొల్చాగువా లోయ వైన్లూ బాగుంటాయి. భోజనానికైతే, గొడ్డుమాంసం, ఉల్లిపాయలు, ఉడికించిన గుడ్డు, ఆలివ్‌లపై రుబ్బిన లేత మొక్కజొన్న పరచి కాల్చే పాస్తెల్ దె చోక్లోను మించినది లేదు. గొడ్డుమాంసం తినకపోతే నిప్పులపై కాల్చిన గొర్రెమాంసం తీసుకోండి.

జవాబు 3: కారం మాత్రం మితంగా ఉండాలి, ఆల్కహాల్ మంటను పెంచుతుంది.