సమస్య: పాదు పీకివేయఁ బంట పండె

ఈ శనివారం పెరట్లో బీర, సొర, కాకర పాదులన్నీ తీసేశాను. మా న్యూజెర్సీలో అక్టోబరు నడిమికి ఎప్పుడైనా ఫ్రాస్ట్ పడొచ్చు. ఒక్క రాత్రి చాలు, పొద్దున్నకి ఆకులన్నీ ఉడికిన తోటకూరలా నల్లగా వేలాడతాయి. పందిరి కర్రలు ఊడదీస్తుంటే మనసు బరువెక్కింది. ఆ బరువులోంచే ఈ సమస్య, అంటే పద్యానికి చివరి పాదం వచ్చింది. ఆటవెలది అనే నాలుగు పాదాల పద్యంలో నాలుగోది. మీ పెరట్లో జరిగిన దానితోనే ముందు మూడు పాదాలు రాసి పూరించండి.

ప్రశ్న: "బంట" ఏమిటండీ, "పంట" కాదా?

"వేయన్" ద్రుతాంతం, అంటే నకారంతో ముగిసే మాట కదా, దాని తర్వాత పకారం బకారమైంది. పా-బం యతి (పాదం మొదటి అక్షరానికి నడిమి అక్షరం కలవడం) కూడా సరిపోతుంది.

ఒహాయో సభ్యుడి పూరణ

వేళ్లు పెకలఁ దీసి వెల్లుల్లి నాటితి
మంచు పొరల కింద మౌనముగను
చలిని గెలిచి లేచి చక్కఁగాఁ జిగురించె
పాదు పీకివేయఁ బంట పండె

బీర పాదు తీసిన చోటే అక్టోబరులో వెల్లుల్లి రెబ్బలు గుచ్చి, పైన ఎండుటాకులు కప్పుతాను. జులైలో తవ్వుతాను.

*నా మాట:* నేలని చలికాలం ఖాళీగా వదలకపోవడం నాకు చాలా నచ్చింది. "మౌనముగను"లో చివరి "ను" గణం (పొట్టి, పొడుగు అక్షరాల లెక్క) కోసం వచ్చినట్టుంది. "మౌనమూని" అంటే గణం నిలుస్తుంది, వెల్లుల్లి వ్రతం పట్టినట్టు అర్థమూ పెరుగుతుంది. తీగకి బూడిద తెగులు ఉంటే మాత్రం దాన్ని కంపోస్టులో వేయకండి అన్నా, సంచిలో కట్టి పారేయండి.

కడప మూలం, ఇప్పుడు జార్జియా

గెనుసుగడ్డ తీగ కింద దాగినదేమొ
మొన్న మొన్నదాక మూగ నేల
తవ్వి లాగినంత దండిగా దుంపలే
పాదు పీకివేయఁ బంట పండె

*నా మాట:* సమస్యలోని వైరుధ్యం ఒక్క దెబ్బకి విడిపోయింది! తీగ పీకితే తప్ప చేతికి రాని పంట ఇదే. కోస్తావాళ్లకి చిలగడదుంప. "మూగ నేల" దగ్గర కాసేపు ఆగిపోయాను. దుంప ముందే ఊరింది కదా, పీకాక "పండె" అనొచ్చా అని ఒకరు అడిగారు. చేతికి అందినప్పుడే పంట అనుకుంటాం కాబట్టి నాకు అభ్యంతరం లేదు.

మిషిగన్ సభ్యురాలి పూరణ గోంగూర మీద వచ్చింది. పద్యం బాగుంది కానీ ఇక్కడ పెట్టడం లేదు. పాదు అంటే తీగ, లేదా మొక్క చుట్టూ నీళ్లు నిలిచే గుంట. గోంగూర నిలువుగా పెరిగే మొక్క. దాన్ని పాదు అంటే చదివేవాళ్లు తడబడతారు. అయితే ఆమె రాసిన బాధ మనందరిదీ. గోంగూర పగలు కురచయ్యాకే పూస్తుంది, కాయ ముదిరేలోపు ఫ్రాస్ట్ కొట్టేస్తుంది. గింజలకి ఏటా ఎవరినో అడగాల్సిందే. వచ్చే ఏడు కుండీలో ఒక మొక్క పెట్టి, ఆగస్టు నుంచి రోజూ సాయంత్రం నల్లగుడ్డ కప్పి, పొద్దున్నే తీసి చూస్తారట. తొందరగా పూస్తుందని నాకూ నమ్మకం. గింజ వస్తే మొదటి గుప్పెడు నాకు పంపాలమ్మా!

పెన్సిల్వేనియా నుంచి, మొదటి పద్యమట

ఈయన మొదటి పాదం "సొరకాయ నొకటి ముదరనిచ్చితిని నేను" అని మొదలైంది. సూర్యగణం (మూడు పొట్టి అక్షరాలు, లేదా ఒక పొడుగు ఒక పొట్టి) ఉండాల్సిన చోట "సొరకా" పడి నడక విరిగింది. సొరకాయని పాదం చివరికి జరపమన్నాను. రాత్రికల్లా ఇలా తిరిగొచ్చింది:

ముదరనిచ్చినాను మురిపాల సొరకాయ
గింజ లెండి లోన గిలకలాయె
పంచినాను వీధిఁ బదిమంది యిండ్లకు
పాదు పీకివేయఁ బంట పండె

ఎండిన కాయ ఊపితే లోపల గలగలమనే చప్పుడు "గిలకలాయె"లో వినిపించింది. తన పాదు పోయి పది పెరళ్లలో పంట పండింది. మొదటి పద్యం ఇంత బాగుంటే ఇక ఆపకండి.

నా పూరణ

నల్ల పండ్లు రాలి నాలుగు దిక్కుల
మట్టిలోన దాగె మాటువేసి
వచ్చె మరుసటేఁడు బచ్చలి తానుగా
పాదు పీకివేయఁ బంట పండె

నిరుడు బచ్చలి పీకుతుంటే పళ్లు రాలి చేతులు, మెట్లు ఊదారంగైపోయాయి. ఈ ఏడు ఒక్క గింజా వేయలేదు, మే చివర్లో మడి నిండా మొలకలే. మూడో పాదంలో వచ్చె-బచ్చ ప్రాసయతి, అంటే రెండో అక్షరాలు కలవడం.

మొన్న మళ్లీ పీకాను. పళ్లు ఏరకుండా కావాలనే వదిలేశాను. కరివేపాకు కుండీ లోపలికి చేరింది, దక్షిణం కిటికీ దగ్గర పెట్టాను. కాకర మీద ఇంకా ఎవరూ రాయలేదు, ఆదివారం దాకా చూస్తాను.