చావుబతుకుల్లో ఉన్న మనిషికి చీటీ తీసి మందు ఇవ్వడం న్యాయమేనా?

రేవు:
రెండు రోజులుగా ఎబోలా అనే ప్రాణాంతక వైరస్ జబ్బు గురించి చదువుతున్నాను. ఒక విషయం మనసులోంచి పోవడం లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను.

2014లో పశ్చిమ ఆఫ్రికా దేశం సియెర్రా లియోన్‌లో షేక్ ఉమర్ ఖాన్ అనే డాక్టర్ వందమందికి పైగా ఎబోలా రోగులకు వైద్యం చేసి, చివరికి తనే ఆ జబ్బున పడ్డారు. ఆయన్ని ఉంచిన చోటే జీమ్యాప్ అనే కొత్త మందు ఉంది. అప్పటిదాకా కోతుల మీద తప్ప ఎబోలా వచ్చిన మనిషి మీద వాడి చూడని మందు. ఇవ్వాలా వద్దా అని అక్కడి వైద్యబృందం చర్చించి వద్దనుకుంది. జులై 29న ఆయన చనిపోయారు. ఆ రోజుల్లోనే లైబీరియాలో జబ్బుపడ్డ ఇద్దరు అమెరికన్లకు అదే మందు ఇచ్చారు. ఇద్దరూ బతికారు.

తర్వాత ఆ మందు పనిచేస్తుందో లేదో తేల్చడానికి 2015లో ట్రయల్ పెట్టారు. చీటీ తీసినట్టు రోగుల్ని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు మామూలు వైద్యంతో పాటు జీమ్యాప్, రెండో గుంపుకు మామూలు వైద్యం మాత్రమే. మందు అందిన 36 మందిలో 8 మంది పోయారు. అందని 35 మందిలో 13 మంది పోయారు.

నేను అడిగేది ఒకటే. సైంటిస్టులు మందు కోసం పరుగులు పెడుతున్నారు, బాగానే ఉంది. ఆ మందు చేతిలో ఉండి కూడా సగం మందికి ఆపడం న్యాయమా?

పాతనేస్తం:
న్యాయం కాదు. ఇందులో చర్చ ఏముంది?

తూనికరాయి:
చాలా ఉంది. రేవు గారూ, మీరు చెప్పిన ఇద్దరు అమెరికన్లు బతికింది మందు వల్లేనని ఎలా అనుకున్నారు? 2014 ఆగస్టు చివరిదాకా జీమ్యాప్ అందినవాళ్ళు ఏడుగురు. ఇద్దరు చనిపోయారు. ఒకరు స్పెయిన్‌కు చెందిన మతగురువు, ఇంకొకరు లైబీరియా డాక్టర్. మిగతా ఐదుగురూ మందు లేకపోయినా బతికేవాళ్ళేమో చెప్పడానికి దారి లేదు. మంచి వైద్యం, టైముకి సెలైన్ అందితే ఎబోలాలో కూడా బతికేవాళ్ళు ఉంటారు.

8కీ 13కీ తేడా చూసి మనసు కలుక్కుమంటుంది, నిజమే. కానీ ఆ ట్రయల్‌కి కావాల్సింది 200 మంది. అప్పటికే జబ్బు తగ్గుముఖం పట్టి 72 మందే దొరికారు, వాళ్ళలో లెక్కకొచ్చింది 71 మంది. అంత తక్కువమందిలో ఆ తేడా కాకతాళీయంగా కూడా రావచ్చు. ఆ ట్రయల్ చేసినవాళ్ళే "బాగానే ఉన్నట్టుంది, కానీ రుజువైందని చెప్పలేం" అన్నారు.

ఇప్పుడు అసలు కథ వినండి. 2018 నవంబర్‌లో కాంగోలో పామ్ అనే ట్రయల్ మొదలైంది. నాలుగు మందులు, 681 మంది రోగులు. 2019 ఫిబ్రవరిలో కట్వా, బుటెంబో ఊళ్ళలో చికిత్సా కేంద్రాల మీద దాడులు జరిగినా ట్రయల్ సాగింది. ఆగస్టులో లెక్క చూస్తే, జీమ్యాప్ తీసుకున్నవాళ్ళలో దాదాపు 50 శాతం చనిపోయారు. రెమ్‌డెసివిర్‌తో 53 శాతం. మిగతా రెండు మందులు, ఎంఏబీ114తో 35, రీజెన్-ఈబీ3తో 33.5. వెంటనే మొదటి రెండూ ఆపేసి, మిగిలిన రెండే అందరికీ ఇచ్చారు.

2014లో జాలిపడి జీమ్యాప్‌నే అందరికీ ఖాయం చేసి ఉంటే? ఈరోజుకీ అదే ఇస్తూ ఉండేవాళ్ళం. మనం మంచి చేస్తున్నామనే అనుకుంటూ ఉండేవాళ్ళం.

కొత్తగాచేరాను:
ఎబోలాకి మందు వచ్చేసిందా? నాకు ఇప్పుడే తెలిసింది.

తూనికరాయి:
వచ్చింది. ఆ రెండింటికీ 2020 అక్టోబర్, డిసెంబర్ నెలల్లో అమెరికాలో అనుమతి వచ్చింది. జైర్ రకం ఎబోలాకి మాత్రమే. వైరస్ ఒంటి మీద కొమ్ముల్లా పొడుచుకొచ్చే ప్రోటీన్ ఉంటుంది, దానితోనే అది మన కణంలోకి దూరుతుంది. ఈ రెండు మందులూ యాంటీబాడీలే, అంటే వైరస్‌ని పట్టుకోవడానికి మన ఒంట్లో తయారయ్యేలాంటి ప్రోటీన్లు. అవి వెళ్ళి ఆ కొమ్ముల్నే పట్టుకుంటాయి. ఎంఏబీ114 పుట్టింది 1995లో కాంగోలోని కిక్విట్ అనే ఊళ్ళో ఎబోలా వచ్చి బతికిన ఒక మనిషి రక్తంలోంచి. పదకొండేళ్ళ తర్వాత కూడా ఆ మనిషి రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయి.

వానచినుకు:
తూనికరాయి గారూ, మీరు చెప్పిన పామ్ ట్రయల్‌లో మందు లేకుండా ఎవర్నీ వదల్లేదు. నాలుగు గుంపులకీ ఏదో ఒక మందు అందింది. అది వేరు. రేవు గారు అడిగింది 2015 గురించి. ఆ 35 మందికి జీమ్యాప్ ఇవ్వలేదు. మీరు దాన్ని దాటేసి కాంగోకి వెళ్ళిపోయారు.

1986లో ఎయిడ్స్‌కి ఏజెడ్‌టీ అనే మందు పరీక్షించినప్పుడూ ఇదే జరిగింది. మందు లేని ఉత్తి బిళ్ళ మింగిన 137 మందిలో 19 మంది చనిపోయారు. మందు మింగిన 145 మందిలో ఒక్కరు. ఆ పందొమ్మిది మందికీ వాళ్ళు మింగేది ఉత్తి బిళ్ళని తెలియదు. వాళ్ళ ఇళ్ళవాళ్ళ ముందు నిలబడి "మీ వాడు లెక్కలోకి పనికొచ్చాడు" అనగలరా మీరు?

తూనికరాయి:
ఆ పందొమ్మిదికీ ఒకటికీ తేడా ఉందని మీకు తెలిసింది ఆ ట్రయల్ వల్లే. అది లేకపోతే మీ చేతిలో ఈ అంకెలు కూడా ఉండేవి కావు. తేడా కనబడగానే ట్రయల్ ఆపి అందరికీ మందు ఇచ్చారు, అది మీరు రాయలేదు.

పైగా ఆ ఏజెడ్‌టీ కథ అక్కడితో అయిపోలేదు. జబ్బు ముదరకముందే మొదలుపెడితే ఇంకా మంచిదని అందరూ నమ్మారు. 1993లో కాంకార్డ్ అనే పెద్ద ట్రయల్ ఫలితం వచ్చాక, ఆ ఒక్క మందే ముందుగా వాడితే ఆయుష్షు పెరగదని తేలింది. నమ్మకం వేరు, తేలడం వేరు.

పాతనేస్తం:
"చీటీ" అనే మాట మార్చండి. రోగుల్ని లాటరీలో పెట్టినట్టు ఉంది.

రేవు:
మరి దాన్ని ఏమనాలండీ? ఎవరికి మందు, ఎవరికి కాదు అన్నది డాక్టర్ చేతిలో లేదు, రోగి చేతిలో లేదు. తెలుగులో దాన్ని చీటీ తీయడమే అంటారు.

తూనికరాయి:
చీటీ అనే అనండి, నాకేం అభ్యంతరం లేదు. డాక్టర్ చేతిలో పెడితే ఏమవుతుందో చెప్తాను. పడుచువాళ్ళకి, తెలిసినవాళ్ళకి, గట్టిగా అడగగలిగినవాళ్ళకి మందు వెళ్తుంది. వాళ్ళు ఎలాగూ బతికేవాళ్ళే ఎక్కువ. మందు గొప్పదని పేరొస్తుంది. ఎవరూ లేనివాడికి న్యాయం జరిగేది చీటీలోనే.

వానచినుకు:
నేను గట్టిగా అడగలేకపోయినదాన్నే, కాబట్టి చెప్తున్నాను.

2020లో మా నాన్నగారికి కోవిడ్ వచ్చింది. ఒక పెద్ద ఆసుపత్రిలో చేర్చాం. అడ్మిషన్ కౌంటర్ దగ్గర నా చేతికి పదకొండు పేజీలు ఇచ్చారు. సంతకం పెట్టాల్సిన చోటల్లా పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టి ఉంది. నా వెనక ఇంకో పదిమంది. ఇంటూ కనబడిన ప్రతి చోటా సంతకం పెట్టాను. నాన్నగారు తొమ్మిదో రోజు పోయారు. ఆ తర్వాత ఫైల్ తెచ్చుకుని చూస్తే అందులో ఉంది: ఆయన్ని ఒక మందు ట్రయల్‌లో చేర్చారు, మందు ఇవ్వని గుంపులో. ఆ సంతకం నాదే.

కొత్తగాచేరాను:
అయ్యో.

తూనికరాయి:
మీ నాన్నగారి సంగతి వింటే బాధగా ఉంది. కానీ ఒక ప్రశ్న. ఆ మందు తర్వాత పనిచేస్తుందని తేలిందా?

వానచినుకు:
లేదు. పనికిరాదని తేలింది.

తూనికరాయి:
అయితే ఆయన ఏమీ పోగొట్టుకోలేదు కదండీ. ఆ మందు అందిన గుంపులో ఉన్నా జరిగేది అదే. ఆ కోపం ట్రయల్ మీద పెట్టుకోవడం సరికాదు.

వానచినుకు:
ఏమీ పోగొట్టుకోలేదా? ఎంత తేలిగ్గా అనేశారు! మీకు మనుషులు కనబడరా, శాతాలే కనబడతాయా?

పాతనేస్తం:
తూనికరాయి గారూ, ఇది మరీ అన్యాయంగా ఉంది. ఆ మాట వెనక్కి తీసుకోండి.

తూనికరాయి:
నాకు మనుషులు కనబడరా? సరే, నాదీ వినండి.

2021 ఏప్రిల్‌లో మా అన్నయ్య ఐసీయూలో ఉన్నాడు. ప్లాస్మా, అంటే కోవిడ్ నుంచి కోలుకున్నవాళ్ళ రక్తంలోంచి తీసే ద్రవం, తెండి, వెంటనే తెండి అన్నారు. ఫేస్‌బుక్‌లో పెట్టాను, వాట్సాప్ గ్రూపులన్నింట్లో పెట్టాను, ముక్కూమొహం తెలియనివాళ్ళని బతిమాలాను. మూడో బ్లడ్ బ్యాంకులో రాత్రి ఒంటిగంటన్నరకి బ్యాగు దొరికింది. ఐస్ బాక్స్ ఒడిలో పెట్టుకుని ఆటోలో వస్తూ ఫోన్ చూసుకుంటే అన్నయ్య దగ్గర్నుంచి రెండు మిస్డ్ కాల్స్. లైన్లో నిలబడి ఉన్నప్పుడు వచ్చాయి. తీసుకొచ్చి ఇచ్చేసరికి వెంటిలేటర్ మీద పెట్టేశారు. మళ్ళీ మాట్లాడలేదు.

ప్లాస్మా మీద మన దేశంలోనే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 39 ఆసుపత్రుల్లో 464 మందితో ట్రయల్ చేసింది. చావులు తగ్గలేదు, జబ్బు ముదరడమూ ఆగలేదు. ఆ ఫలితం 2020 అక్టోబర్‌లోనే పత్రికలో అచ్చయింది. నేను తిరిగింది దానికి ఆరు నెలల తర్వాత. చికిత్సా మార్గదర్శకాల్లోంచి ప్లాస్మాని తీసేసింది 2021 మే నెలలో, అన్నయ్య పోయిన తర్వాత. "ఏదో ఒకటి ఇవ్వండి, ఊరికే చూస్తూ కూర్చోలేం" అన్న ఆత్రమే నన్ను ఆ రాత్రంతా తిప్పింది. అందరికీ ఇచ్చెయ్యండి అని ఎవరైనా అంటే నాకు ఆ ఐస్ బాక్సే గుర్తొస్తుంది.

రేవు:
ఇద్దరికీ చేతులెత్తి నమస్కారం. నేను ఇంత దూరం వెళ్తుందనుకోలేదు.

నైట్‌డ్యూటీ:
నేను నర్సుని. ఇన్నాళ్ళూ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు.

కోవిడ్ వార్డులో ట్రయల్ ఫారాలు పట్టుకుని మంచాల దగ్గరికి వెళ్ళింది నాలాంటివాళ్ళమే. ఫారం ప్లాస్టిక్ కవర్లో, పెన్ను దారంతో అట్టకి కట్టి. నా కళ్ళద్దాలు ఆవిరి పట్టి అక్షరాలు నాకే కనబడేవి కావు. ఒక పెద్దాయనకి చదివి వినిపిస్తున్నాను. "నాకు మందు వస్తుందా రాదా అమ్మా?" అని అడగడానికి మాస్కు పక్కకి జరిపారు. మానిటర్‌లో ఆక్సిజన్ 88 ఉన్నది 82కి దిగింది. మాస్కు మళ్ళీ పెట్టి, "తెలియదు తాతా, అది మా చేతిలో ఉండదు. మందు వస్తే నయమవుతుందని కూడా మాకు తెలియదు" అని చెప్పాను. కాసేపు నా వైపే చూసి వేలిముద్ర వేశారు. అలా చెప్పడానికి పావుగంట పట్టింది. ఆ రాత్రి నాకు ఇరవై రెండు మంచాలు. అందరికీ పావుగంట ఇవ్వలేకపోయాను. ఇంటూ గుర్తులు ఎందుకు పెడతారో నాకు తెలుసు, అది తప్పని కూడా తెలుసు.

డాక్టర్ ఖాన్ సంగతిలో నన్ను బాధపెట్టేది వేరే. మందు ఇవ్వకపోవడం కాదు. ఇవ్వాలా వద్దా అని అంతమంది చర్చించారు, ఆయనకి మాత్రం చెప్పలేదు. ఆయనా డాక్టరే, ఆ జబ్బు గురించి ఆ గదిలో ఎవరికన్నా బాగా తెలిసిన మనిషి.

వానచినుకు:
నేను రెండు రోజులుగా చెప్పాలనుకున్నది అదేనండీ. నాకే ఇప్పటిదాకా సరిగ్గా తెలియలేదు. మందు అందలేదని కాదు నా ఏడుపు. నాన్నగారికి పూర్తిగా తెలివి ఉంది, పేపర్ చదువుకునేవారు, టీచర్‌గా రిటైరైన మనిషి. అడిగి ఉంటే ఆయనే సరే అనేవారేమో. అడగలేదు. ఆయన తరఫున నా చేత సంతకం పెట్టించారు, అదేమిటో నాకూ చెప్పలేదు.

తూనికరాయి:
"ఏమీ పోగొట్టుకోలేదు" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. క్షమించండి.

కానీ ట్రయల్ వద్దనడానికి ఇది కారణం కాదని ఇప్పటికీ అంటాను. ముందుగానే అన్నీ సిద్ధం చేసుకుంటే అడగడానికీ టైము ఉంటుంది. 2022లో ఉగాండాలో సుడాన్ రకం ఎబోలా వచ్చింది. దానికి అనుమతి ఉన్న టీకా లేదు. పరీక్షించాల్సిన టీకాలు డిసెంబర్‌లో వచ్చేసరికి రోగులే లేరు. అప్పటికే 55 మంది ధృవీకరించిన రోగులు పోయారు. 2025లో మళ్ళీ వచ్చింది. ఈసారి డోసులు, కాగితాలు, మనుషులు అంతా ముందే సిద్ధం. జబ్బు వచ్చిందని ప్రకటించిన నాలుగో రోజుకే టీకా ట్రయల్ మొదలైంది. సైంటిస్టుల పరుగు అంటే నాకు ఇదీ.

నైట్‌డ్యూటీ:
ఆ సిద్ధం చేసుకునేవాటిలో మంచానికో పావుగంట కూడా రాసుకోమనండి. ఇద్దరు నర్సులు ఎక్కువ కావాలి, అంతే.

వానచినుకు:
తూనికరాయి గారూ, ఒకటి అడుగుతాను, ఇష్టముంటేనే చెప్పండి. ఆ రోజు ఆ డాక్టర్ "ప్లాస్మా పనిచేస్తుందని రుజువు లేదు" అని మీతో అని ఉంటే, మీరు వెళ్ళేవారు కాదా?

తూనికరాయి:
చాలాసేపు ఆలోచించాను. అయినా వెళ్ళేవాణ్ణే. కానీ లైన్లో ఫోన్ మోగినప్పుడు ఎత్తి మాట్లాడేవాణ్ణి. నా వెనకవాళ్ళని ముందుకి వెళ్ళనిచ్చి మాట్లాడేవాణ్ణి.

వానచినుకు:
మా నాన్నగారి ఫైల్‌లో ఆ ఫారం ఇంకా ఉంది. ఇన్నేళ్ళలో మొదటి పేజీ దాటి చదవలేకపోయాను. నైట్‌డ్యూటీ గారూ, పేర్లు తీసేసి మీకు పంపితే అందులో ఏముందో నాకు చెప్తారా?

నైట్‌డ్యూటీ:
పంపండి అమ్మా. రేపు నాకు సెలవు. నెమ్మదిగా చదివి, ఏ పేజీలో ఏముందో మామూలు మాటల్లో రాస్తాను.